‘ప్రథమ’ చికిత్సతో సరిపోని చోట

(శ్రీశైలం పాదయాత్ర దారిలో సేవకు వెళ్లే యువతకు నంద్యాలలో ఇచ్చిన శిక్షణలో మొదటి ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు అలాగే ఉంచి, పదే పదే వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకు ఆనుకున్నవాళ్లు ముందుకు రండబ్బా, చాప ఖాళీగానే ఉంది. ఇంకో గంటలో ఎట్లాగూ అందరం నేలమీద పొర్లాల్సినవాళ్లమే.

ముందే చెప్తున్నా, నేను డాక్టరును కాను. బళ్లో పీఈటీగా విజిల్ ఊది రిటైరైనవాణ్ని. మోకాళ్లు దోక్కుపోయిన పిల్లలు, మూర్ఛ వచ్చిన పిల్లలు, ఎండలో ప్రేయర్లో కళ్లు తిరిగి పడిన పిల్లలు... అదే నా చదువు. అడవి సంగతి తర్వాత నేర్చుకున్నాను. అది కూడా ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఆ తప్పు చెప్పి మొదలుపెడతా.

చాలా ఏళ్ల కిందటి మాట. వెంకటాపురంలో బయల్దేరి, నాగలూటి వీరభద్రుడికి మొక్కి, పెచ్చెరువు దాకా నడిచాం. శివరాత్రి ముందు రోజులు. అక్కడ ఒక చెట్టు కింద గుంపు. నేనూ తొంగి చూశా. శివమాల వేసుకున్నాయన, యాభై అయిదేళ్లుంటాయి. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. మాటకు మాట అతకడంలేదు. పట్టుకోబోతే తోసేస్తున్నాడు, ఎవర్నో తిడుతున్నాడు. ‘స్వామి పూనాడు’ అన్నారెవరో. అంతే, కర్పూరం వెలిగింది. ఒకాయన గంట వాయించడం మొదలుపెట్టాడు. నేనేం చేశాను? చెప్పులు విప్పి దండం పెట్టాను. (నవ్వులు)

నవ్వండి, పర్లేదు. ఆ గుంపులో ఒక మూల ఆయన భార్య ఏడుస్తూ ఒకే మాట అంటోంది. ‘పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నాడయ్యా, నిన్నట్నుంచి ఏమీ తినలేదు’ అని. గంట మోతలో ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది, అర్థంకాలేదు. బళ్లారి వైపు నుంచి వచ్చిన ఒకామె గుంపును తోసుకుంటూ లోపలికి వచ్చింది. కన్నడంలో ఏదో కేకేసి కర్పూరం ఆర్పించింది. తన మూటలోంచి బెల్లం తీసి రాయితో కొట్టి నీళ్లలో కలిపింది. ముందు ఒట్టి నీళ్లు ఒక గుక్క తాగించి, మింగుతున్నాడా లేదా అని గొంతు వైపు చూసింది. మింగాడు. అప్పుడు బెల్లం నీళ్లు, కొంచెం కొంచెంగా. పావుగంట అయ్యేసరికి ఆయన తల పైకెత్తి, ‘ఏమైంది, ఇంతమంది ఎందుకు చేరారు’ అని అడిగాడు.

ఆ గుంపులో ఎంత తక్కువ వేసుకున్నా వంద మంది ఉంటారు. బెల్లం లేని మూట లేదు. మందు అందరి భుజాన ఉంది, జబ్బు పేరు మాత్రం ఒక్కరికే తెలుసు.

అందుకే ఈ దారిలో మీరు ముందుగా అడగాల్సిన ప్రశ్న ‘షుగర్ ఉందా?’ అని. ఉపవాసం, నడక, షుగర్ మాత్ర లేకపోతే ఇన్సులిన్... ఈ మూడూ కలిస్తే రక్తంలో చక్కెర దబ్బున పడిపోతుంది. చెమట, వణుకు, చిరాకు, తిక్కమాటలు. చూడటానికి తాగినవాడిలా ఉంటాడు, పూనకం వచ్చినవాడిలా ఉంటాడు. మింగగలిగితే మూడు చెంచాల చక్కెరో, అంత బెల్లమో నీళ్లలో ఇవ్వండి. పావుగంట చూడండి. తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి, లేకపోతే మళ్లీ పడిపోతాడు. ఉపవాసం సంగతా? మల్లయ్య ఏమీ అనుకోడు, ఆ పూచీ నాది. స్పృహ లేనివాడి నోట్లో మాత్రం చుక్క నీళ్లు కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చిగుళ్లకు కొంచెం తేనె రాయొచ్చు. అంతే.

సరే. ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ‘ప్రథమ చికిత్స’ అంటాం కదా, ఆ మాటలోనే ఒక భరోసా దాగుంది. ప్రథమ అన్నామంటే ద్వితీయ వెనకాలే వస్తోందని. నంద్యాల బస్టాండులో ఎవరైనా పడిపోతే అది నిజమే. 2005లో 108 వచ్చినప్పటి నుంచి మనకు ఆ అలవాటు బాగా పట్టింది. ఫోన్ చేస్తాం, రోడ్డు వైపు చూస్తూ నిలబడతాం. ఆ పది ఇరవై నిమిషాలు నెట్టుకొస్తే చాలు. మరి భీమునికొలను మెట్ల దగ్గర? అక్కడ మీరే ప్రథమ, మీరే ద్వితీయ, ఒక్కోసారి తెల్లారేదాకా మీరే.

నల్లమల ఎంత పెద్దదో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2009 సెప్టెంబర్ 2 గుర్తుందా? మీలో చాలామంది అప్పటికి పసిపిల్లలు. సాక్షాత్తూ ముఖ్యమంత్రి ఎక్కిన హెలికాప్టర్ పొద్దున కనబడకుండా పోయింది. ప్రభుత్వం మొత్తం కదిలింది, విమానాలు వెతికాయి, చెంచు పల్లెలవాళ్లు వెతికారు. పావురాలగుట్ట మీద ఆనవాలు దొరికేసరికి మరుసటి రోజు పొద్దునైంది. రాజశేఖరరెడ్డి గారి కోసం వెతికినప్పుడే అంత సేపు పట్టిన అడవి ఇది. వానలో కాలు విరిగిన ఒక మామూలు భక్తుడి కోసం ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకోండి.

శివరాత్రి వారంలో దారి పొడవునా శిబిరాలుంటాయి, నీళ్లుంటాయి, డాక్టర్లుంటారు, నిజమే. కానీ శిబిరానికీ శిబిరానికీ మధ్య ఉండేది అడవే కదా. పైగా ఉగాదికి కన్నడ భక్తులు వచ్చేటప్పటికి ఎండ ముదురుతుంది. ఫోన్లో సిగ్నల్ ఉండదు. వెంకటాపురం నుంచి శ్రీశైలం 40 కిలోమీటర్లకు అటూ ఇటూ. అందులో మనిషిని మోసుకుంటూ నడిచే కిలోమీటరుకు గంట వేసుకోండి. నేను మోశాను, అందుకే చెప్తున్నా.

అడవి ప్రథమ చికిత్స అని ప్రపంచంలో విడిగా ఒక చదువు పుట్టింది ఈ గంటల లెక్క వల్లే. ఆస్పత్రి చేరడానికి గంట, రెండు గంటలకు మించి పట్టే చోటు అయితే పాఠం మారిపోతుంది. కట్టు కట్టడం అరగంట పని. ఆ తర్వాత నాలుగు గంటలు ఏం చేస్తారు? మనిషికి చలి వేస్తుంది, దాహం వేస్తుంది, ఒంటికి పోవాల్సి వస్తుంది, భయం వేస్తుంది. కట్టిన కట్టు కింద వాపు పెరిగి వేళ్లు చల్లబడతాయి. ఎవరో ఒకరు అరగంటకొకసారి ఆ వేళ్లు తాకి చూడాలి. గోరు నొక్కి వదిలితే రంగు మళ్లీ వస్తోందా, అడిగితే వేలు కదుపుతున్నాడా... కట్టు కట్టినవాడికి ఫొటో వస్తుంది. వేళ్లు తాకి చూస్తూ కూర్చున్నవాడి వల్ల కాలు నిలుస్తుంది.

అందుకే మీ అందరి జేబులో ఒక పెన్సిలు ఉండాలి. పెన్ను కాదు, చెమటకు తడిస్తే ఇంకు పాకుతుంది. అన్నదానం కూపన్ వెనక అయినా సరే, టైము వేసి రాయండి. 4:10, ఊపిరి నిమిషానికి 18, నాడి 96, పేరు అడిగితే చెప్పాడు. 4:25, ఊపిరి 24, నాడి 118, పేరు అడిగితే విసుక్కున్నాడు. ఈ రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూడండి. మనిషి చూడటానికి అట్లాగే కూర్చుని ఉంటాడు, కాగితం మాత్రం ‘దిగజారుతున్నాడు, కదలండి’ అని అరుస్తోంది. నాకు తెలిసి అడవిలో దీన్ని మించిన పరికరం లేదు.

ఇప్పుడు పాము. మీరు ఎదురుచూస్తున్నదే. (నవ్వులు)

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్లు దాదాపు 12 లక్షల మంది అని ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలున్న ఎనిమిది రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం మరణాలు జూన్, సెప్టెంబర్ మధ్యే. మనదగ్గర మనుషుల్ని ఎక్కువగా చంపేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. ఈ నాలుగింటికీ ఒకటే విరుగుడు ఇంజెక్షన్. గుర్రాలకు విషం కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలోంచి తీస్తారు. ఆ విషంలో చాలా భాగం చెన్నై దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది, 1978లో మొదలైంది అది. ఎలుకలూ పాములూ పట్టి బతికినవాళ్ల విద్య ఇవాళ దేశం మొత్తానికి మందైంది. మన చెంచుల విద్యను కూడా ఎవరైనా అంత శ్రద్ధగా పట్టించుకుని ఉంటే బాగుండేది. అది వేరే కథ, వదిలేద్దాం.

పాము ఏదో గుర్తుపట్టి చంపి తెచ్చే పని పెట్టుకోవద్దు. ఇంజెక్షన్ ఒకటే అయినప్పుడు దాంతో పనేముంది? దాని వెంట పడితే రెండో మనిషిని కూడా కరుస్తుంది. దూరం జరగండి. కరిచిన మనిషిని కూర్చోబెట్టండి, కుదిరితే పడుకోబెట్టండి. ఉంగరాలు, గాజులు, కడియాలు, పట్టీలు, మెట్టెలు... వాపు రాకముందే తీసేయండి. మెట్టె తీయడానికి ఒప్పుకోరు, చెప్పి ఒప్పించాలి. ‘అమ్మా, వాస్తే వేలే తీయాల్సొస్తుంది’ అంటే వింటారు. కరిచిన కాలిని, విరిగిన కాలికి కట్టినట్టే, కర్రతో పాటు కట్టి కదలకుండా ఉంచండి. కర్రకూ కాలికీ మధ్య తువ్వాలు మెత్తగా పెట్టండి. వేళ్లు బయటికి కనిపించాలి.

తాడు బిగించి కట్టొద్దు. ఈ మాట చెప్పినప్పుడల్లా పెద్దవాళ్లు నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూస్తారు. బిగించి కడితే విషం పైకి పోదని మనకు ఉగ్గుపాలతో చెప్పారు. పింజరి విషం మాంసాన్ని కరిగించే రకం. దాన్ని ఒక్కచోట ఆపి పెడితే కాలంతా అక్కడే కుళ్లుతుంది. పైగా ఆస్పత్రి మెట్లెక్కాక ఎవరో తాడు ఒక్కసారిగా కోసేస్తే ఆగినదంతా ఒకేసారి లోపలికి పోతుంది. ఎవరైనా ముందే కట్టేసి తెస్తే మీరు కోయకండి, డాక్టరు చూస్తుండగా విప్పనివ్వండి. బ్లేడుతో గాట్లు పెట్టొద్దు. నోటితో పీల్చొద్దు. పసరు పోయొద్దు. పింజరి కరిస్తే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, అట్లాంటి మనిషికి బ్లేడు గాటు పెడితే ఇక కారుతూనే ఉంటుంది. ఆస్పత్రిలో వాళ్లు చేసే మొదటి పరీక్ష కూడా అదే, గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసుకుని 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డ కట్టిందా లేదా చూస్తారు.

కట్లపాము సంగతి ఇంకోటి. రాత్రి గుడారంలో, చాప మీద పడుకున్నప్పుడు కరుస్తుంది. నొప్పి ఉండదు. కాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు. రెప్పలు వాలిపోతుంటాయి, నిద్రమత్తు అనుకుంటారు. మాట ముద్దగా వస్తుంది, మింగలేడు. ఆ తర్వాత ఊపిరి. పెచ్చెరువు దగ్గర పొద్దున ఎవరైనా ‘కళ్లు తెరవలేకపోతున్నా’ అంటే నిద్ర చాలలేదేమో అని వదిలేయకండి. చూపుడువేలు పైకెత్తి దాన్నే చూడమనండి, రెప్పలు నిలబెట్టగలడా అని. దాన్ని కూడా కూపన్ వెనక రాయండి.

కరిచిన మనిషిని నడిపించొద్దు, మోయాలి. బైకు పోయే దారి ఉంటే ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తీసుకుపోవచ్చు, వెనకవాడు గట్టిగా పట్టుకోవాలి. మోయాలంటే మన్యంలో డోలీ కట్టేది మీరు వార్తల్లో చూసే ఉంటారు, ఒకే బొంగు, దానికి వేలాడే దుప్పటి. ఇక్కడ మనకు రెండు బొంగులు దొరికితే దుప్పటిని మూడు మడతలు వేసి స్ట్రెచర్ చేసుకోవచ్చు, మధ్యాహ్నం అదే చేయిస్తా. నలుగురైదుగురు మోయడానికి చాలరు. ఆరుగురు పట్టుకుంటే పది నిమిషాలకోసారి మారడానికి ఇంకో ఆరుగురు కావాలి. దారి చూపేవాడు, ముందు రాళ్లు చెప్పేవాడు వేరు. కాబట్టి మోయాలా, ఉన్నచోటే ఉంచి సాయం పిలిపించాలా అన్నది నిలబడి ఆలోచించాల్సిన విషయం. కాటుకైతే కదలాల్సిందే, విరుగుడు ఆస్పత్రిలోనే ఉంది. మడమ బెణికితే తొందరేమీ లేదు, నీడలో కూర్చోబెట్టండి.

సాయానికి ఒక్కణ్ని పంపొద్దు, ఇద్దర్ని పంపండి. దారిలో వాడికే ఏమైనా అయితే? నోటిమాటగా పంపొద్దు, రాసి పంపండి. ఎవరు, వయసెంత, ఏమైంది, ఎన్నింటికి, ఎక్కడ ఉన్నారు, ఏం చేశారు, ఏం కావాలి. నోటిమాట అయితే ‘కాలికి రాయి తగిలింది’ అన్నది శిబిరానికి చేరేసరికి ‘తలకు రాయి తగిలింది’ అవుతుంది. మిగిలినవాళ్లు విజిల్ మూడుసార్లు, ఆగి మళ్లీ మూడుసార్లు. విజిల్ ఎందుకంటారా? గొంతు అరగంటలో పోతుంది, విజిల్ పోదు. ఇది మాత్రం నా ముప్పై ఏళ్ల అనుభవం. (నవ్వులు)

మిగతావి తొందరగా చెప్తా, వివరం తర్వాత చేతులతో చేసి చూద్దాం.

ఎండదెబ్బ. ఒళ్లు కాలిపోతూ, మనిషి తికమక పడుతున్నాడంటే ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే మోయాలి. ఈ వరుస తప్పొద్దు. పంచె తడిపి ఒంటిమీద వేసి, ఇంకో పంచెతో విసరండి. ఉన్న నీళ్లన్నీ వాడేయండి.

విరేచనాలు, నీరసం. లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, సమంగా కొట్టిన చెంచాలు. ఈ ఉప్పునీళ్ల సత్తా 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో తేలింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ అయిపోయి, డ్రమ్ముల్లో ఈ నీళ్లు కలిపి చుట్టాలచేతే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు పడ్డాయి. ఆస్పత్రి లేని చోట డాక్టరు తన చేతిలో పనిని మామూలు జనం చేతికి ఇచ్చాడన్నమాట.

రక్తం. శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేత్తో పది నిమిషాలు నొక్కండి. అన్నం ఉడికిందా అని మూత తీసి చూసినట్టు మధ్యలో తీసి చూడొద్దు. కాఫీపొడి, పసుపు, పొగాకు... వంటింటి సామాను వంటింట్లోనే ఉండనివ్వండి.

మూర్ఛ. తాళంచెవులు చేతిలో పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. తల కింద తువ్వాలు, చుట్టూ రాళ్లు తీసేయడం, ఆగాక పక్కకు తిప్పడం. టైము చూడండి.

తేనెటీగలు. కర్పూరం, పొగ దగ్గర పెట్టి తుట్టె రేపింది మనవాళ్లే అయ్యుంటారు. తల కప్పుకుని పరిగెత్తండి. ముల్లు ఎట్లా తీయాలని ఆలోచిస్తూ నిలబడొద్దు, గోరుతో అయినా సరే వెంటనే తీసేయాలి.

గుండె. భీమునికొలను ఎక్కుడులో ఎవరైనా ఛాతీ పట్టుకుని కూర్చుంటే ‘కొంచెం ఆగి ఎక్కుదాం’ అనకండి, ఒక్క అడుగు కూడా వేయనివ్వొద్దు. వెనక్కి ఆనించి కూర్చోబెట్టండి. ఆస్పిరిన్ పడదని గానీ, రక్తం కారే జబ్బు ఉందని గానీ చెప్పకపోతే 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలించండి.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పాలి. గుండె ఆగితే ఛాతీ నొక్కడం నేర్పిస్తాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతు, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. నీళ్లలో మునిగినవాళ్లకు, పిడుగు పడినవాళ్లకు దీనివల్ల ప్రాణం తిరిగి రావచ్చు. మునిగినవాళ్లకు ముందు ఊపిరి ఊదాలి, కడుపు నొక్కి నీళ్లు కక్కించే పని వద్దు. పిడుగు ఒకేసారి పదిమందిని పడేస్తే, మూలిగేవాళ్లను కాసేపు వదిలేసి, కదలకుండా పడి ఉన్నవాళ్ల దగ్గరికి ముందు పోండి. కానీ గుండెజబ్బుతో ఆగిన గుండె, షాక్ ఇచ్చే యంత్రం లేని అడవిలో తిరిగి కొట్టుకోవడం అరుదు. 30 నిమిషాలు ఆపకుండా చేసినా ఏ స్పందనా లేకపోతే ఆపొచ్చని అడవి ప్రథమ చికిత్స పాఠాలు చెప్తాయి. నేను ఒకసారి ఆపాను. ఆయన కొడుకు నా పక్కనే మోకాళ్లమీద ఉండి లెక్కపెడుతున్నాడు. ‘ఆపుదాం నాయనా’ అన్నాక కూడా చాలాసేపు లెక్కపెడుతూనే ఉన్నాడు.

(కాసేపు మౌనం)

సరే... నేర్చుకోవడం గురించి అడిగారు కదా ఎవరో. రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ తరగతులు పెడతాయి, పునాదికి అవి చాలు. అడవి కోసం విడిగా కావాలంటే రెండు రోజుల కోర్సు ఉంది, 16 గంటలు. కొండలకు మనుషుల్ని తీసుకెళ్లేవాళ్లు చేసేది 70, 80 గంటలది, ఎనిమిది పది రోజులు పడుతుంది. మస్సూరీ పక్కన లండౌర్‌లో నేర్పిస్తారు. రెండు మూడేళ్లకోసారి మళ్లీ పరీక్ష రాయాలి. ఎందుకంటే ఛాతీ నొక్కడం లాంటి విద్య చేతిలో నిలిచేది నెలలే. సర్టిఫికెట్ గోడమీద ఉంటుంది, చేతులు మాత్రం మర్చిపోతాయి.

వీడియోలు చూడొద్దనను. కానీ వీడియోలో పేషెంటు బరువుండడు, అరవడు, చొక్కా జారదు, చీకటి పడదు. నేను మీకు చీకట్లో నేర్పిస్తా. ఆ మూలనున్న తమ్ముడికి లైట్లు ఆర్పమని ముందే చెప్పాను.

ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు పడుకోండి. రెండోవాళ్లు వాళ్ల పొట్ట మీద అరచెయ్యి మెత్తగా పెట్టండి, నొక్కొద్దు. నేను విజిల్ ఊదగానే లెక్క మొదలు, మళ్లీ ఊదేదాకా ఒక నిమిషం. పొట్ట ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టండి. పడుకున్నవాళ్లు నవ్వకూడదు, నవ్వితే లెక్క తప్పుతుంది. పెన్సిళ్లు ఉన్నాయా? చీకట్లోనే రాయాలి మరి. తమ్ముడూ, లైటు ఆపు.